తిట్లు ముందుగానే స్వీకరించబడును

నాకు ముప్పై ఏళ్లు నిండకముందే ఉద్యోగ విరమణ సన్మానం జరిగింది. శాలువా కప్పారు, చేతిలో నిమ్మకాయ పెట్టారు, శేషజీవితం ప్రశాంతంగా గడపమని దీవించారు. నిజానికి ఆ సన్మానం నేను పనిచేసిన చట్టాల కమిటీ చైర్మన్ గారిది. శాలువా కొనడానికి వెళ్లినవాడు ఒకటి ఎక్కువ తెచ్చాడు. ఎలాగూ కమిటీ గడువు ఆ రోజుతో ముగుస్తోంది కాబట్టి నేను కూడా రిటైరైనట్టే లెక్క అని ఎవరో అన్నారు. అప్పటినుంచి రిటైరైన ఉద్యోగిగానే బతుకుతున్నాను. పెన్షన్ ఒక్కటే రావడం లేదు.

ఇప్పుడు గుంటూరులో లా చదివే పిల్లలకు సాయంత్రాలు పాఠాలు చెబుతుంటాను. ఏటా ఎవరో ఒకరు లేచి, "సార్, చట్టం ఎలా పుడుతుంది?" అని అడుగుతారు. పుస్తకంలో ఉన్న జవాబు చెప్పి కూర్చోబెడతాను. నేను కళ్లారా చూసిన జవాబు వేరే ఉంది. నా ఎరుకలో ఒక క్లాజు కొన్ని తుమ్ముల్లోంచి, ఒక ఐస్ పెట్టెలోంచి, ఒక తిట్టులోంచి పుట్టింది. ఇది పరీక్షలో రాదు. అయినా వినండి.

మనిషి పోయాక అతని ఆస్తి వారసుల చేతికి చేరేలోపు మధ్యలో కొంత కాలం ఉంటుంది. ఆ కాలంలో ఆస్తిని ఎవరో ఒకరు చూడాలి. వీలునామాలో పేరు రాస్తే ఆ మనిషిని ఎగ్జిక్యూటర్ అంటాం. అతను సొంతదారు కాడు, జీతానికి కాపలా ఉండేవాడూ కాడు. కేవలం నమ్మకం మీద చూసేవాడు. ఆ నమ్మకం పేరున అతను ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అన్న నిబంధనలు పాతబడిపోయాయని, రాష్ట్రానికి కొత్త ముసాయిదా రాయమని మా కమిటీని వేశారు.

కమిటీ అంటే ముగ్గురం. చైర్మన్ గారు రిటైర్డ్ జిల్లా జడ్జి. భోజనంలో ఉప్పు కావాలన్నా ముందు పూర్వాపరాలు చెప్పి, తర్వాత కారణాలు వివరించి, చివర్లో ఉప్పు అడిగేవారు. అప్పటికి అన్నం చల్లారిపోయేది. రెండో సభ్యురాలు న్యాయశాస్త్రం బోధించే ప్రొఫెసర్ గారు. మేమంతా మేడమ్ అనేవాళ్లం. ఏ దేశంలో ఏ చట్టం ఎప్పుడు మారిందో చెప్పగలరు కానీ, కారు ఎక్కాక కళ్లజోడు ఎక్కడ పెట్టారో చెప్పలేరు. నేను పరిశోధన సహాయకుణ్ణి. నా పరిశోధన ఎక్కువ భాగం ఏ ఊళ్లో ఇడ్లీ బాగుంటుందన్న దాని మీద సాగింది. మిగతా సమయంలో మినిట్స్ రాసేవాణ్ణి. మినిట్స్‌లో హాస్యం ఉండరాదని చైర్మన్ గారు మొదటి వారంలోనే నాకు లిఖితపూర్వక ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఉత్తర్వును కూడా నాతోనే రాయించారు.

ఊరూరా తిరిగి జనం మాట వినడం మా పని. వేటపాలెంలో ఒకాయన వచ్చి, తన తండ్రి పోయాక జీడిపప్పు యూనిట్‌ని పెదనాన్నకు అప్పగించారనీ, తాను పెద్దయ్యేసరికి పప్పంతా పోయి తొక్కలు మిగిలాయనీ చెప్పాడు. పిడుగురాళ్లలో అక్కాచెల్లెళ్లు ఇద్దరు, సున్నపు బట్టీని చూసుకుంటానన్న మేనమామ ఆ పక్కనే తన సొంత బట్టీ వెలిగించిన వైనం చెప్పారు. మేనమామ కూడా అదే సభకు వచ్చాడు. మొత్తం విని, "అట్టాంటి వాళ్లని వదలకూడదు సార్," అని మాకే సలహా ఇచ్చి వెళ్లాడు.

ఇలాంటివి వినీ వినీ మేడమ్ ఒక క్లాజు రాశారు. పంపకం పూర్తయ్యేదాకా ఎగ్జిక్యూటర్ ఆస్తిని యథాతథంగా కాపాడాలి. కోర్టు అనుమతి లేకుండా తాకరాదు, మార్చరాదు, అమ్మరాదు. చదువుతుంటే గంభీరంగా ఉండేది. చైర్మన్ గారు దాన్ని రెండుసార్లు చదివించుకుని, "దీంతో దొంగలకు దారి మూసుకుపోతుంది," అన్నారు. దొంగలు కానివాళ్ల సంగతి ఎవరమూ ఆలోచించలేదు. వాళ్లు మా దగ్గరికి వస్తే కదా. మోసపోయినవాళ్లే ఫిర్యాదు చేయడానికి వస్తారు.

ప్రత్తిపాడు వైపు రైతులతో సభ ఒక శుక్రవారం పెట్టారు. మాకు ఇస్తామన్న ప్రభుత్వ హాల్లో అప్పటికే వేరే శిక్షణ తరగతులు నడుస్తున్నాయి. గత్యంతరం లేక ఒక కోల్డ్ స్టోరేజీ మేడ మీది గదికి మార్చారు. ఎండుమిరప టిక్కీలు, అంటే గోతాల్లో తొక్కి కుట్టిన మిరప బస్తాలు, కింద కొండల్లా పేర్చి ఉంటాయి. లారీకి ఎత్తినప్పుడల్లా ఘాటు మెట్లెక్కి పైకి వస్తుంది. అక్కడ పనిచేసేవాళ్లకు అది గాలితో సమానం. మాకు కాదు. చైర్మన్ గారు ప్రారంభోపన్యాసంలో "న్యాయం" అన్న మాట దగ్గర మొదటిసారి తుమ్మారు. తర్వాత ఆ మాట జోలికి పోలేదు.

మధ్యాహ్నం దాటాక ఒకావిడ వచ్చింది. నలభైలోపు వయసు. పొలం నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చీర అంచుకు మట్టి అలాగే ఉంది. భర్త బడిపంతులు, మిరప సేద్యం కూడా చేసేవాడు, పోయి రెండో వేసవి. పంటంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఉండగా పోయాడు. ఆ టిక్కీలు అమ్మి, వచ్చింది ఈవిడకూ, మొదటి భార్య కొడుక్కూ చెరిసగం ఇవ్వాలని వీలునామా. ఆ కొడుకు ప్రత్తిపాడులో పురుగుమందుల కొట్టు నడుపుతున్నాడు. అతనూ వెనకాలే వచ్చి, ఆవిడకు మూడు కుర్చీల అవతల కూర్చున్నాడు.

"ఎగ్జిక్యూటర్ ఎవరమ్మా?" అన్నారు చైర్మన్ గారు.

"మా ఆయన స్నేహితుడండీ. గోతాల కొట్టు అన్నయ్య. నమాజు చూసుకుని వస్తానన్నాడు."

"ఆయన ఆస్తి కాజేశాడా?"

"అయ్యో, అంత మాట అనమాకండి! పూచికపుల్ల ముట్టడాయన. అదేనండీ నా బాధ."

చైర్మన్ గారు నావైపు చూశారు. ఏం రాయాలో నాకూ తెలియలేదు. తుమ్ము వచ్చినట్టు తల వంచుకున్నాను.

ఆవిడ బాధ సూటిగా ఉంది. తన వాటా చేతికొస్తుందన్న ధైర్యంతో ఈ ఏడు చేను కౌలుకు మాట్లాడుకుంది, మిరప నారు చెప్పి పెట్టుకుంది. నారు నర్సరీలో ముదిరిపోతోంది. ఈ వారంలో తీసుకెళ్లకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానంటున్నాడు నర్సరీ అతను. నారు పోతే ఈ ఏటికి సేద్యం లేదు. చేను కూడా చేజారుతుంది.

"మరి అమ్మేయమని చెప్పొచ్చు కదా?"

"చెప్పానండీ. అన్నయ్య అమ్ముదామనుకున్నప్పుడల్లా ఆ బాబు ఇంకో నెల ఆగమంటాడు."

"ఆగమనక!" కొడుకు లేచాడు. "రేటు పెరుగుద్ది పిన్నీ. మా నాన్న వీలునామాలో ఏం రాశాడు? మంచి ధర చూసి అమ్మమన్నాడు."

"మంచి ధర ఎప్పుడొస్తదిరా?"

గుంటూరు మిర్చి యార్డు పుట్టినప్పటినుంచి ఇవాళ్టి ధర మంచిదని ఒప్పుకున్న రైతును ఎవరూ చూడలేదు. మంచి ధర అనేది నిన్న ఉంటుంది, రేపు ఉంటుంది.

అంతలో ఎగ్జిక్యూటర్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, నెత్తిన తెల్ల టోపీ. రెండు చేతులా తెల్ల థర్మోకోల్ పెట్టె, చేపలు తెచ్చేలాంటిది, ఎత్తుకుని మెట్లెక్కాడు. చైర్మన్ గారి ముఖం వికసించింది. ఆ వేడిలో, ఆ ఘాటులో, చల్లటి మజ్జిగ వచ్చిందనుకున్నారు. నేనైతే సోడా అనుకున్నాను.

పెద్దాయన పెట్టెను బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నా మీద నాకే అనుమానం రాకుండా చూసుకున్నానండీ. మా పంతులు పోయిన వారానికే కోల్డ్ స్టోరేజీకెళ్లి, టిక్కీల్లోంచి ఓ గుప్పెడు కాయ తీసి, సీసాలో పెట్టి సీలేశాను. ఆ తర్వాత వీలు చిక్కినప్పుడల్లా వెళ్లి అట్టాగే తీశా. మంచి సరుకు మార్చేసి తాలుకాయ పెట్టాడని రేపు ఎవరన్నా అంటే, ఇవిగో సాక్ష్యం."

మేడమ్ ఆసక్తిగా ముందుకు వంగారు. "సీసాలో ఉన్నది కూడా పాతబడుతుంది కదండీ?"

"అందుకే అమ్మా, మా ఇంటి డీప్ ఫ్రీజర్లో పెట్టా. ఎప్పుడు తీసింది అప్పట్లాగే ఉంటది. ఏడాదిన్నరగా మా ఇంట్లో ఐస్‌ముక్క లేదు, మాంసం నిల్వ లేదు. మా ఆవిడ, 'ఫ్రిజ్ కూడా ఆ పంతులికే రాసిచ్చారా?' అంటది."

పెట్టె మూత తీసి, పచ్చడి సీసాలు ఒక్కొక్కటే తీసి, మొదట సీలేసింది ఎడమ చివర వచ్చేలా వరుసగా పేర్చాడు. ప్రతి సీసాకూ లక్కతో సీలు.

మేడమ్ నావైపు వంగి గుసగుసగా అన్నారు. "చూశావా? మన క్లాజు ప్రాణంతో నడిచొచ్చినట్టుంది. తాకలేదు, మార్చలేదు, అమ్మలేదు. మనం కోరుకున్న ఎగ్జిక్యూటర్ ఈయనే."

నేను "ఆదర్శ ఎగ్జిక్యూటర్" అని రాసుకుని కింద గీత గీశాను.

ఇక సీసాలు చూద్దామంటే ఏమీ కనబడదు. డీప్ ఫ్రీజర్లోంచి వచ్చిన గాజు, మా గుంటూరు వేడి తగలగానే తెల్లగా మంచు పట్టేసింది. చైర్మన్ గారు కళ్లజోడు సర్దుకున్నారు. మంచు కరగలేదు. జేబురుమాలు తీసి ఒక సీసాను తుడిచారు. మళ్లీ పట్టేసింది. ఒక రిటైర్డ్ జడ్జి, ఒక ప్రొఫెసర్, ఇద్దరు వారసులు, ఒక ఎగ్జిక్యూటర్, ఒక పత్రికా విలేకరి, వెనక బెంచీల రైతులు, అందరూ సీసాలకు చెమటలు పట్టేదాకా కళ్లప్పగించి కూర్చున్నారు. మధ్యమధ్య ఎవరో ఒకరు తుమ్మేవారు.

నెమ్మదిగా మంచు నీరై జారింది. ఎడమ చివరి సీసా ముందు తేటపడింది. చూడగానే నోట్లో మంట పుట్టేంత ఎరుపు, కొత్త కాయకు ఉండే మెరుపు. దాని పక్కది కాస్త ముదురు. ఆ పక్కది ఇటుకరంగు. అక్కడినుంచి రంగు మెట్టుమెట్టుగా దిగిపోయింది. కుడి చివరి సీసాలో కాయ వెలిసిపోయి, వానకు తడిసి ఎండిన అట్టముక్కలా ఉంది.

పెద్దాయన కూడా అప్పుడే చూశాడు. ఒక్కోసారి ఒక్కో సీసా పెట్టాడే కానీ, అన్నీ పక్కపక్కన ఎన్నడూ పెట్టి చూడలేదు. కళ్లు ఎడమనుంచి కుడికి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాయి. "ఇదేంటి..." అన్నాడు.

ఆవిడ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. చివరి సీసాను చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పి చూసింది.

"అన్నయ్యా," అంది, గొంతు పెంచకుండా. "నువ్వు దొంగతనం చేసినా బాగుండేది. దొంగ సగమన్నా వదిలేవాడు."

పెద్దాయన కుర్చీ వెతుక్కుని కూర్చుండిపోయాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నేను చూసిన సభలన్నిటిలో అదొక్కటే, జోకు వేయాలన్న ఆలోచన రాని క్షణం. అది కూడా ఎక్కువసేపు లేదు. కింద కొత్త లారీకి ఎత్తడం మొదలైంది. ఘాటు ఒక్కసారిగా పైకి కొట్టింది. చైర్మన్ గారికీ, మేడమ్‌కూ, నాకూ కళ్ల వెంట ధారలు. విలేకరి ఫొటో తీశాడు. మర్నాడు పేపర్లో "రైతు మహిళ గోడు విని కన్నీరుమున్నీరైన కమిటీ" అని వేశారు. చైర్మన్ గారు ఆ ముక్క కత్తిరించి దాచుకున్నారని తర్వాత తెలిసింది. మేడమ్ కన్నీళ్లలో ఎన్ని మిరపవో, ఎన్ని నిజమైనవో నాకు ఇప్పటికీ సందేహమే.

మేడమ్ ముక్కు తుడుచుకుని, పెద్దాయన్ను అడిగారు. నిలదీసినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. "కోల్డ్ స్టోరేజీలో ఉన్నా ఏడాది దాటితే కాయ వెలిసిపోతుందని మీకు తెలియదా?"

"తెలుసమ్మా. గోతాలమ్ముకునేవాణ్ణి, మిరప సంగతి తెలియకుండా ఎట్టా ఉంటది? కానీ అమ్మిన మర్నాడు రేటు పెరిగితే? ఆ పిల్లాడు ఏమంటాడు? మా నాన్న స్నేహితుడు బేరగాళ్లతో కలిసిపోయాడంటాడు. అమ్మనన్నాళ్లూ మటుకు నన్నెవరూ ఒక్కమాట అనలేదు."

"అమ్మనందుకు తప్పు పట్టే నిబంధన ఏదీ లేదు," అన్నారు మేడమ్, తనలో తాను. తర్వాత మా ముసాయిదాలోని తన క్లాజును తీసి మళ్లీ చదువుకున్నారు. యథాతథంగా కాపాడాలి. పెన్ను మూత తీశారు. మేడమ్ తన రాతను తానే కొట్టేయడం నేను చూడటం అదే మొదలు.

చైర్మన్ గారు కొడుకు వైపు తిరిగారు. "ఇప్పుడు అమ్మితే నీకు అభ్యంతరమా?"

అతను మొదటి సీసా చూశాడు, చివరి సీసా చూశాడు. పురుగుమందుల కొట్టువాడు, రంగు పోయిన కాయకు యార్డులో ఎంత ధర పలుకుతుందో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. "అమ్మేయ్ బాబాయ్," అన్నాడు. మళ్లీ, "కానీ ఆ తర్వాత రేటు పెరిగితే మటుకు..."

పెద్దాయన చటుక్కున లేచాడు. "ఆగరా. పెరిగితే తిడతావు, అంతేగా? ఇప్పుడే తిట్టు."

"ఏంటి బాబాయ్?"

"ఇక్కడే, ఈ పెద్దల ముందే, ఎంత తిట్టాలో అంతా తిట్టేయ్. రేపు రేటు పెరిగాక నువ్వొక్క మాట అనకూడదు. అమ్మా, నువ్వు కూడా. ఏమన్నా మిగిలుంటే ఇవాళే అనేయ్."

"నాది అయిపోయిందన్నయ్యా," అంది ఆవిడ.

కొడుకు ఇబ్బందిగా అటూఇటూ చూశాడు. వెనక బెంచీల్లోంచి ఒక రైతు, "ఏరా, కొట్లో బాకీలోళ్లను తిట్టేటప్పుడు నోరు బానే లేస్తదిగా!" అన్నాడు. గదంతా నవ్వు. చివరికి ఆ అబ్బాయి ఎర్రబడిన ముఖంతో, "ఏంది బాబాయ్ నువ్వు... నీకు బుద్ధుందా... రెండు వారాలు ఆగలేకపోయావా?" అని నేలకేసి చూస్తూ అన్నాడు.

"ఇంకా?"

"చాల్లే బాబాయ్."

"నమోదు చేయండి," అన్నారు చైర్మన్ గారు.

నేను పెన్ను ఎత్తి ఆయన వైపు చూశాను. "సార్, మినిట్స్‌లో హాస్యం ఉండరాదని మీ ఉత్తర్వు."

"ఇందులో హాస్యం ఎక్కడుంది?" అన్నారు ఆయన, ముక్కు తుడుచుకుంటూ. "ఇది ముందస్తు అభ్యంతరం."

అలా పుట్టింది ఆ క్లాజు. తర్వాతి వారమంతా మేడమ్, నేను కూర్చుని రాశాం. పాడైపోయే ఆస్తిని అమ్మకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా ఎగ్జిక్యూటర్ బాధ్యత తప్పినట్టే అన్నది మొదటి భాగం. అమ్మే ముందు వారసులందరికీ తెలపాలి, అభ్యంతరం ఉన్నవారు గడువులోగా చెప్పాలి, ఆ తర్వాత సద్బుద్ధితో, జాగ్రత్తగా అమ్మినవాడి మీద ధర పెరిగిందన్న కారణంతో ఫిర్యాదు చెల్లదు అన్నది రెండోది. చట్టభాషలో చాలా మర్యాదగా ఉంటుంది. దాని అర్థం మాత్రం ఒక్కటే. తిట్లు ముందుగానే స్వీకరించబడును.

సోమవారం టిక్కీలు యార్డుకు వచ్చాయి. నాకు ఎందుకో చూడాలనిపించి వెళ్లాను. గోతం కోసి కాయ కుప్ప పోశారు. కొనేవాళ్లు వచ్చి గుప్పెడు తీసి, చేతిలో నలిపి, పెదవి విరిచి వెళ్లారు. చివరికి ఒకరు కొన్నారు. మంచి ధర కాదు. ఆవిడ పక్కనే నిలబడి, కొన్నవాడి చేతిలో నలిగిన కాయ రంగును చూస్తూ ఉండిపోయింది. తర్వాత పైట నడుముకు దోపుకుని, నేరుగా నర్సరీకి వెళ్లడానికి ఆటో ఎక్కింది. "నారు కొంచెం ముదిరింది, అయినా నిలదొక్కుకుంటది," అంది వెళుతూ. అది నాతో అందో, నారుతో అందో తెలియదు.

మా ముసాయిదా ప్రభుత్వానికి వెళ్లింది. నాకు శాలువా వచ్చింది. ముసాయిదా ఇంకా పరిశీలనలో ఉంది. పరిశీలన అనేది కూడా ఒక కోల్డ్ స్టోరేజీయే, కాకపోతే అక్కడ ఘాటు ఉండదు.

కొన్నాళ్లకు పెద్దాయన ఫోన్ చేశాడు. వెనక నుంచి వాళ్లావిడ నవ్వు వినిపిస్తోంది.

"సార్, మిరప రేటు చూశారా? పెరిగింది."

"అబ్బాయి ఏమన్నాడండీ?"

"పొద్దున్నే కొట్టుకొచ్చాడు. 'చూశావా బాబాయ్, రెండు వారాలు...' అని మొదలెట్టాడు. ఆపాను. నీ తిట్టు వాడేశావు కదరా, మళ్లీ ఎక్కడిదన్నాను. కాసేపు నిలబడి, టీ తాగి, పిన్ని చేలో నారు బాగా పట్టిందని చెప్పి పోయాడు."

"సంతోషమండీ. కానీ ఆ క్లాజు ఇంకా చట్టం కాలేదు. ప్రభుత్వం దగ్గరే ఉంది."

"అక్కడ సంగతి నాకు తెలియదు సార్," అన్నాడు పెద్దాయన. "మా ఇంట్లో మాత్రం అమల్లోకి వచ్చేసింది. ఇవాళే మొదటి కేసు కొట్టేశాను."